నా గొంతులో వేరేవాళ్ళ ‘నేను’

టీవీలో ముఖం తెలియకుండా మసక చేసి, ఒక ఆడమనిషి తన బతుకు కథ చెప్పుకుంటూ ఉంటే మీరు చూసే ఉంటారు. ఆ కూర్చున్న మనిషి నిజం. ఆ చేతులు, ఆ చీర కొంగు, మధ్యమధ్య తాగే మంచినీళ్ళు అన్నీ నిజం. గొంతు మాత్రం ఆమెది కాదు. చాలా ఏళ్ళపాటు అది నాది.

నేను సాలిగ్రామం స్టూడియోల్లో డబ్బింగ్ చెప్పుకుని బతికినదాన్ని. సినిమాల్లో పెద్ద పాత్రలేవీ చెప్పలేదు. హీరోయిన్ పక్కన ముగ్గురు స్నేహితురాళ్ళుంటే మూడో అమ్మాయి, పెళ్ళిలో సణిగే పిన్ని, ఆస్పత్రిలో నర్సు, ఇవీ నా వంతుకు వచ్చినవి. తర్వాత ఈ సొంత కథల కార్యక్రమం వచ్చింది. ఇక్కడ చెన్నైలో తీసి, తెలుగు ఊళ్ళలో మధ్యాహ్నం పూట వేసేవాళ్ళు. పని మానేసేదాకా నేను అందులోనే ఉన్నాను. గొంతు మార్చడం ఇప్పుడు కంప్యూటరే చేసేస్తోందని చెప్పి, ఒక శాలువా కప్పి పంపించారు. దాన్ని రిటైర్‌మెంట్ అని మర్యాదకి అంటున్నాను.

ఇప్పుడు మీలో చాలామంది ఈ పనిలోకే వస్తున్నారు. ఫోన్ ఒక స్టాండుకి తగిలించి, మీ కథ చెప్పండి అని మనుషుల్ని ఎదురుగా కూర్చోబెడుతున్నారు. పాడ్‌కాస్ట్ అంటారు, ఇంకేదో అంటారు. పేరేదైనా పని అదే. అందుకని నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నేనూ చెప్పేదాన్నే అయిపోయాను. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆపేయండి, ఏమీ అనుకోను.

గొంతుకు ఊరు ఉండకూడదు

నేను పుట్టింది ఉత్తర చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్‌లో. మా నాన్న పప్పుల మండీలో గుమాస్తా. మా ఇంట్లో తెలుగులో మొదలైన మాట తమిళంలో పూర్తయ్యేది. ఈడ, ఆడ, ఎట్ల, ఎవురు అనేవాళ్ళం. అది తెలుగు కాదని నాకు స్టూడియోకి వచ్చాకే తెలిసింది.

చెప్పినవారు మూర్తిగారు. మా కార్యక్రమానికి ప్రొడ్యూసర్. బెజవాడ మనిషి, పైనుంచి కిందిదాకా తెల్లబట్టలు, నోట్లో ఎప్పుడూ లవంగం. నేను మైకు ముందు ‘ఈడ’ అన్నప్పుడల్లా అద్దం అవతల చెయ్యెత్తేవారు. బస్సు ఆపినట్టు రికార్డింగ్ ఆగిపోయేది.

“నీ తెలుగుకి ఊరు ఉందమ్మా,” అన్నారు ఒకరోజు. “ఊరు తెలిసిందంటే మనిషి తెలిసినట్టే. మన గొంతుకి ఊరు ఉండకూడదు.”

దానికి కారణం ఉంది. మొదట్లో ముఖం మాత్రమే దాచేవాళ్ళు. ఒక కోడలు వచ్చి అత్తింటి సంగతి చెప్పుకుంటే, ఆ అత్తింటివాళ్ళు గొంతు పోల్చుకుని ఆ పిల్లని ఇంట్లోంచి గెంటేశారు. అప్పట్నుంచి నియమం పెట్టారు. ముఖం వద్దు, పేరు వద్దు, గొంతు వద్దు, యాస వద్దు. అది మంచి నియమమే. మంచి నియమం కూడా ఎవరో ఒకరికి అడ్డం పడుతుందని తర్వాత తెలుసుకున్నాను.

నేను కష్టపడి మాట మార్చుకున్నాను. ఎంతగా మార్చుకున్నానంటే, ఒకసారి మా అమ్మ అన్నం వడ్డిస్తూ, “ఏమే, వార్తలు చదివే దాని మాదిరి మాట్లాడతా ఉండావు,” అంది. నాకు గర్వంగా అనిపించింది. అమ్మ పోయింది. అన్నయ్య పిల్లలు తమిళంలోనే మాట్లాడతారు, అది వాళ్ళ తప్పు కాదు. నేను పెళ్ళి చేసుకోలేదు. మైలాపూరులో ఒక చిన్న పోర్షనులో ఉంటున్నాను. రైలు స్టేషన్లో తమిళం, కూరగాయల దగ్గర తమిళం, పాత స్టూడియోవాళ్ళతో ఫోన్లో ఆ కడిగిన తెలుగు. మా అమ్మ మాట్లాడిన మాట మాట్లాడదామంటే ఎదుట మనిషి లేదు. ఇది జాలి కోసం రాయడం లేదు, ఈ పనిలో ఏం ఖర్చవుతుందో మీకు తెలియాలని రాస్తున్నాను.

నవ్వు తీసేసిన సంగతి

పని పద్ధతి ఇది. ఒక చెవిలో అసలు మనిషి మాట వస్తుంటుంది. ఆమె ఊపిరి పీలిస్తే మనమూ పీల్చాలి. ఆమె ఆగితే ఆగాలి. మాట మనది, మౌనం ఆమెది. ఏడుపు మాత్రం మనం ఒక పాలు తక్కువ ఏడవాలి. లేకపోతే నాటకమని తెలిసిపోతుంది.

మొదటి సంవత్సరం ఒక తల్లి వచ్చింది. బడికెళ్ళే కొడుకు జ్వరంతో పోయాడు. వాడు ఆస్పత్రిలో కూడా నర్సు చెప్పులు దాచిపెట్టేవాడని చెబుతూ ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆమె ఏడుపు కంటే పొడుగ్గా ఉంది. బిడ్డ చావు చెబుతూ నవ్వితే చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని నేను ఆ చోట చిన్న నిట్టూర్పు పెట్టాను. పనితనం చూపించాననే అనుకున్నాను.

మూర్తిగారు విన్నారు. “నవ్వు ఏది?” అన్నారు.

“బాగుండదని తీసేశానండి.”

“ఆమె నవ్వింది. తియ్యడానికి నువ్వెవరు?”

మళ్ళీ చెప్పించారు. అలా నవ్వడం రాలేదు. మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నాను, చివరికి ఎప్పుడో కుదిరింది. ఆయన చాదస్తం మీద నాకు మంట ఉండేది గాని, ఆ రోజు ఆయన చెప్పినదానికి మించిన పాఠం ఈ పనిలో ఇంకొకటి లేదు. మనిషి తన కథ ఎట్లా చెబితే అట్లాగే ఉంచాలి. మీరు మధ్యలో పాట పెట్టి, నవ్విన చోట కత్తిరించి, కన్నీటి బొట్టు దగ్గర ఆపి చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చెప్పుకున్నాక ఏమవుతుంది

చెప్పుకుంటే బరువు దిగుతుందంటారు. అందరికీ దిగదు. మా దగ్గర చెప్పుకున్నవాళ్ళు చాలామంది కెమెరా ఆగగానే, “అంతేనా?” అని అడిగేవాళ్ళు. ఆ తర్వాత ఏదో జరుగుతుందని వాళ్ళ ఆశ. ఏమీ జరగదు. టీ ఇస్తారు, ఆటో ఎక్కిస్తారు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా పెద్దవాళ్ళు నోరు కట్టుకుని బతికారు. ఇప్పటివాళ్ళు చించుకోవడమే ఆరోగ్యం అంటున్నారు. రెండింటిలోనూ కొంత నిజం, చాలా భయం ఉన్నాయి. ఇంట్లో ఉన్న మొగుడికి చెప్పలేనిది లోకమంతటికీ చెప్పడం తేలిక. లోకం ఎదురు ప్రశ్న వెయ్యదు, అన్నం తినకుండా అలిగి పడుకోదు. ఇన్ని కథలు నోట్లోంచి పోయాక నాకు అనిపించింది ఇదే. వచ్చిన ప్రతి మనిషికీ అసలు వినాల్సినవాళ్ళు ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరి ముందు నోరు రాక మన ముందు కూర్చుంటారు. కాబట్టి లైట్లు సర్దకముందే ఆ మనిషిని అడగండి, ఇది ఎవరు వినాలి అని. మేము ఎవరినీ అడగలేదు. ఒకామె తనంతట తనే చెప్పింది.

మనలి నుంచి వచ్చిన జయ

జయ అనేది నేను పెట్టిన పేరు. చెన్నై శివారు మనలిలో ఒక కంపెనీలో ఊడ్చే పని చేసేది. నలభై దాటి ఉంటుంది. ఆమె కథ మొదట హెడ్‌ఫోన్స్‌లో విన్నాను.

తల్లి చిన్నప్పుడే పోతే అక్కే జయని పెంచింది. ఆ అక్కకి వేరే కులం అతని మీద మనసు పడింది. రేపు పోతున్నానని పక్కింటి స్నేహితురాలికీ చెల్లెలికీ మాత్రమే చెప్పింది. చెల్లెలు పోయి అన్నలకి చెప్పేసింది. అన్నలు అతన్ని కొట్టారు, అక్కని గదిలో పెట్టి తాళం వేశారు. గుట్టు బయటపెట్టింది పక్కింటి స్నేహితురాలని నమ్మి అక్క ఆమెతో తెగతెంపులు చేసుకుంది. కొన్నాళ్ళకి కట్టుబట్టలతో ఇల్లు విడిచి పోయింది. మళ్ళీ రాలేదు.

హెడ్‌ఫోన్స్‌లో జయ చివర చెప్పిన మాటలివి: “చెప్పింది నేనే అక్కా. ఆయమ్మ కాదు. నువ్వు పోతే నాకు అన్నం ఎవురు పెడతారని చెప్పేసినా. కొడతారని నాకు తెలవదు. నువ్వు ఈడనే ఉంటావు, అంతే అనుకున్నా.”

నేను హెడ్‌ఫోన్స్ తీసేశాను. కథకి కాదు. ‘ఈడనే’ అన్నందుకు. రికార్డింగ్‌కి ఇంకా టైముంది, టీ తాగుదామని కిందికి దిగాను. టీకొట్టు దగ్గర నా వెనక ఎవరో, “అన్నా, చక్కెర కమ్మిగా,” అని చక్కెర తక్కువ వెయ్యమన్నారు. వెనక్కి తిరక్కముందే తెలిసింది, ఇందాక చెవిలో విన్న గొంతే. మేము ఆ మనుషుల్ని చూడము, కలవము. అది కూడా నియమమే. అయినా తిరిగాను.

“మనలి నుంచి వచ్చినారా?” అని అడిగాను. నా నోరు దానంతటదే ‘వచ్చినారా’ అంది.

“ఆమా, ఆడనుంచే. మీకెట్ల తెలుసు? ఎప్పుడు టీవీలో ఏస్తారో అడిగిపోదామని నిలబడినా.”

“టీవీలో మీ మాటలు చెప్పేది నేనే మా.” అమ్మా అనడానికి మావాళ్ళు ‘మా’ అనే అంటారు.

ఆమెకు అర్థం కాలేదు. వివరంగా చెప్పాను. తన గొంతు రాదని, నా గొంతు వస్తుందని, అది కూడా యాస లేకుండా వస్తుందని, ఎవరూ పోల్చుకోకూడదనే అలా చేస్తారని చెప్పాను. ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

“ముఖం కనపడదన్నారు, సరి అన్నా. గొంతు కూడా నాది కాదంటే మా అక్క నన్ను ఎట్ల గుర్తు పట్టేది మా?”

అప్పుడు మిగతాది చెప్పింది. ఒక పెళ్ళిలో దూరపు చుట్టం కలిసింది. అక్క గూడూరు దిక్కున ఎక్కడో టైలరింగ్ షాపులో పని చేస్తోందట. ఆ షాపులో టీవీ ఉంది. బట్టలు కుడుతూ రోజూ మా కార్యక్రమమే చూస్తుందట.

“ఆ చుట్టాన్నే అడ్రస్ అడగరాదా?” అన్నాను.

“మనోళ్ళెవురికీ చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకునిందంట. నా మాట చెప్పమని పంపించినా. మా ఇంటి పేరెత్తితేనే లేచి ఎలబారి బయటికి పొయ్యిందంట. ఇంక నేను ఏం చేసేది? చెవిలో పడితే చాలు అని ఈడికి వచ్చినా. లోకానికి చెప్పుకునేదానికి నాకేమి పని?”

టీ చల్లారిపోయింది. ఆమె తాగలేదు.

మూర్తిగారితో తగువు

నేను తిన్నగా మూర్తిగారి గదికి పోయాను. ఈ కథ ఆమె యాసలోనే చెబుతానన్నాను.

“కుదరదు,” అన్నారు. “ఆమె అన్నలు అక్కడే ఉన్నారు. ఆ మాట విని వాళ్ళు పోల్చుకుంటే? ఇప్పుడు ఆమెని కొడితే నువ్వు వెళ్ళి అడ్డం పడతావా?”

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. నేను కిందికి పోయి జయతో అదే చెప్పాను. అక్క గుర్తు పట్టేటట్టు చేస్తే అన్నలు కూడా గుర్తు పడతారు, ఆలోచించుకో అన్నాను.

జయ ఆ చల్లారిన టీ గ్లాసు టీకొట్టు అతనికి తిరిగి ఇచ్చేసింది. “మా పెద్దన్నకి మెట్లెక్కితేనే ఆయాసం మా. వాడేమి కొడతాడు. చిన్నన్న తిడతాడు, తిట్టనీ. అక్క తిట్టినా వింటా. తిట్టేదానికైనా ఒకసారి మాట్లాడితే చాలు.”

పైకి వెళ్ళి మూర్తిగారికి చెప్పాను. ఆయన లవంగం నములుతూ తల అడ్డంగా ఊపారు. నాకు కోపం వచ్చింది.

“ఆ తల్లి నవ్వు తియ్యడానికి నువ్వెవరని నన్నడిగారు,” అన్నాను. “మరి ఈమె మాట తియ్యడానికి మనమెవరం?”

ఆయనతో నేను అట్లా మాట్లాడడం అదే మొదలు. ఆయన లవంగం కాగితంలోకి ఉమ్మేశారు. తర్వాత, “పేరూ ఊరూ ఉండవు. గొంతు నీదే. మాట ఆమె ఇష్టం,” అన్నారు. కిట్టనివాళ్ళు ఆయన్ని ఏమన్నా, నేను మాత్రం పెద్దమనిషి అనే అంటాను.

తీరా మైకు ముందు నిలబడితే ఆ మాట నాకు రాలేదు. సినిమాలో పనిమనిషి పాత్ర వెక్కిరించినట్టు వచ్చింది. ఇంజినీరు నవ్వాపుకుంటున్నాడు. నేను పుట్టిన మాట నా నోట్లోనే దొంగనోటులా చెల్లకుండా పోయింది. కళ్ళు మూసుకుని, మా అమ్మ నన్ను తిట్టే తిట్లన్నీ వరసగా గుర్తు చేసుకున్నాను. ‘ఏమే, ఈడ పెట్టిన చెంబు ఏమయిపోయినాది’ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. మెల్లగా నాలుక దారికొచ్చింది. జయ చెప్పినట్టే చెప్పాను, ఆగిన చోట ఆగాను. అయిపోయాక బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చాను. జయ కోసం కొంత, మిగతాది నాకోసమే.

ఫోన్లు

కథ టీవీలో వచ్చిన రోజు నుంచి ఆఫీసుకి ఫోన్లు మొదలయ్యాయి. ఆఫీసులో ఫోన్ తీసే అమ్మాయిది హైదరాబాదు. ఈడ ఆడ అనేవాళ్ళతో నువ్వే మాట్లాడమ్మా అని మూర్తిగారు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, ఇక్కడే చెన్నైలోని తండయారుపేట నుంచి ఫోన్లు వచ్చాయి. “ఆ మాట్లాడింది మా చెల్లెలే,” అని ఒక్కొక్కరూ ఒట్టు వేసి చెప్పారు. అందరూ అక్కలే. ఎవరి చెల్లెలో ఎప్పుడో ఎక్కడో విడిపోయింది. పేరు చెప్పమంటే ఒకరు లక్ష్మి అన్నారు, ఒకరు మేరీ అన్నారు. కాదమ్మా అని చెబితే నమ్మరు. “కాదంటావేమి, అది దాని గొంతే,” అని నాతోనే వాదన. నా గొంతే వాళ్ళతో మాట్లాడుతోందని ఎట్లా చెప్పను? ఒక పెద్దావిడ మాత్రం ఊరికే విని, “సరిలే, కాకపోతే పోనీ. ఇంకొంచెం సేపు మాట్లాడు తల్లీ,” అంది. మాట్లాడాను. ఎండల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకున్నాం.

జయ రోజూ సాయంత్రం పని దిగి ఫోన్ చేసేది. “లేదు మా,” అనేదాన్ని. “సరి మా,” అనేది. రానురాను ఆ ‘సరి’ చిన్నదైపోయింది. ఫోన్లు కూడా తగ్గిపోయాయి. మూర్తిగారు ఇక చాలు, రేపట్నుంచి వేరే కథ పని చూడమన్నారు.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. “చెప్పండి మా,” అన్నాను. అవతల కుట్టుమిషను చప్పుడు. నా గొంతు వినగానే అది ఆగింది.

“జయా,” అంది ఆమె.

ఆమె పిలిచింది అసలు పేరే, ఇక్కడ నేను మార్చి రాస్తున్నాను. టీవీలో ఆ పేరు ఎక్కడా రాలేదు.

“నేను పొయ్యినాక నీకు అన్నం ఎవురు పెట్టినారే?”

కోపం లేదు. ఏడుపూ లేదు. వంటింట్లోంచి పిలిచి అడిగినట్టు అడిగింది. నేను జయను కాదని ఆ క్షణమే చెప్పాలి. చెప్పలేకపోయాను. అన్నం సంగతి నన్ను ఎవరైనా అడిగి చాలా కాలమైంది. అందులోనూ ఆ మాటలో అడిగి ఇంకా చాలా కాలమైంది. ఎంతమంది బతుకుల్నో ‘నేను, నేను’ అని చెప్పినదాన్ని. నేను కాదు అనడానికి నాకు ఎంత కష్టమైందో రాయలేను.

“ఏమే, పలకవేమి?” అంది.

“నేను జయను కాదు మా,” అన్నాను. “ఆయమ్మ మాటలు చెప్పినదాన్ని. మీ చెల్లెలు బాగుండాది. రోజూ మీకోసరమే అడగతా ఉండాది. నంబరు ఇస్తా, రాసుకోండి.”

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత, “మరి నువ్వెవురు మా?” అంది.

నా పేరు చెప్పాను. ఆమె అప్పటికే పక్కనున్న ఎవరినో చాక్‌పీసు అడుగుతోంది. గుడ్డ మీదే రాసుకున్నట్టుంది. నంబరు చెప్పాను, తిరిగి అప్పజెప్పింది, పెట్టేసింది.

మర్నాడు జయ ఫోన్ చేసి ఏడ్చింది, నవ్వింది, ఆదివారం గూడూరు పోతున్నానంది. అక్క అడిగినదానికి ఏం జవాబు చెప్పావని అడగాలని నాకు నోటిదాకా వచ్చింది. అది అక్కకి చెప్పుకోవలసిన మాట అని ఊరుకున్నాను. తర్వాత ఆమె ఫోన్లు ఆగిపోయాయి. మాట్లాడుకునేదానికి అక్క ఉంది కదా, ఆగిపోవడమే న్యాయం.

అక్క ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చి కుక్కర్ పెట్టాను. అది కూత వేసేలోపల, ‘నీకు అన్నం ఎవురు పెట్టినారే’ అని ఒకసారి పైకి అన్నాను, అచ్చం ఆమె అన్నట్టే. గొంతు బాగానే పలికింది. జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేక, కంచం పెట్టుకుని కూర్చున్నాను.